ఓరుగల్లులో ఇద్దరికి డిన్నర్: దర్జా తగ్గకుండా బిల్లు తగ్గేదెలా?

"హన్మకొండలో మంచి రెస్టారెంట్ ఉంటే చెప్పన్నా, కొంచెం క్లాస్‌గ ఉండాలె, కానీ జేబుకు చిల్లు పడొద్దు." ఈ మాట అడిగేవాళ్లకు చాలామంది ఏదో ఒక హోటల్ పేరు చెప్పి ఊరుకుంటారు. పేరు ఒక్కటీ తెలిస్తే చాలదు. ఒకే హాల్లో, పక్కపక్క టేబుళ్ల దగ్గర కూర్చున్న రెండు జంటల్లో ఒకరికి పద్నాలుగు వందల బిల్లు, ఇంకొకరికి మూడు వేల బిల్లు రావడం మామూలే. ఏం తెమ్మన్నారు, ఏ రోజు వెళ్లారు, బిల్లులో ఏ లైను చూడకుండా డబ్బు కట్టేశారు అన్నదాన్ని బట్టి ఆ తేడా వస్తుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇద్దరు కూర్చుని మాట్లాడుకోవాల్సిన రాత్రికి మామూలు హోటల్లో టేబుల్ నిండా తెప్పించుకోవడం కంటే, మంచి హోటల్లో కొద్దిగా తెప్పించుకోవడం మేలు. ఖర్చు ఇంచుమించు అంతే అవుతుంది, సాయంత్రం మాత్రం వేరేగా ఉంటుంది. ఎందుకో అర్థం కావాలంటే రెస్టారెంట్ లెక్క ఎలా నడుస్తుందో కొంచెం తెలియాలి.

డిన్నర్ డేట్ అనగానే కాలేజీ పిల్లలే గుర్తొస్తారు గానీ, మన దగ్గర ఆ టేబుల్ ముందు కూర్చునేవాళ్లు చాలా రకాలు. నిశ్చితార్థం అయి పెళ్లికి ఇంకా రెండు నెలలున్న జంట. పెళ్లిచూపుల్లో బంధువుల మధ్య నాలుగు మాటలైనా మాట్లాడుకోలేకపోతే, "ఒకసారి బయట కలిసి మాట్లాడుకోండి" అని పెద్దవాళ్లే పంపిన ఇద్దరు. పెళ్లిరోజని పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలి వచ్చిన భార్యాభర్తలు. నిట్‌లోనో కాకతీయ యూనివర్సిటీలోనో చదువుతూ, వచ్చే స్కాలర్‌షిప్‌తో నెల గడిపేవాళ్లు. వీళ్లందరికీ కావాల్సినవి మూడు: ఎదుటి మనిషి మాట వినపడాలి, చుట్టూ ఉన్నవాళ్లు గుచ్చిగుచ్చి చూడకూడదు, బిల్లు వచ్చినప్పుడు ముఖం మారకూడదు. వరంగల్, హన్మకొండ, కాజీపేట మూడూ కలిపినా తెలిసినవాళ్లు ఎదురుపడని చోటు దొరకడం కష్టం. అందుకే ఇక్కడ చోటు ఎంచుకోవడం హైదరాబాద్‌లో కంటే కాస్త ఎక్కువ ఆలోచించాల్సిన పని.

మనం కొనేది కూర ఒక్కటే అనుకోవద్దు

పనీర్ బటర్ మసాలా రోడ్డు పక్క హోటల్లో ఒక రేటు, ఏసీ హాల్లో దాదాపు రెండింతల రేటు. పనీర్ పెద్దగా మారదు. వండే తీరూ పెద్దగా మారదు. చాలా వంటగదుల్లో పొద్దున్నే మూడు నాలుగు గ్రేవీలు వండి పెట్టుకుంటారు: ఉల్లిపాయ-టమాటా గ్రేవీ ఒకటి, వెన్న పడే మఖనీ ఒకటి, జీడిపప్పుతో చేసే తెల్ల గ్రేవీ ఒకటి. మెనూలో మూడు పేజీల నిండా కనిపించే కూరల్లో ఎక్కువ భాగం వీటిలోంచి పుట్టినవే. కడాయి అన్నా, దో ప్యాజా అన్నా, హోటల్ పేరు పెట్టిన 'స్పెషల్' అన్నా, గ్రేవీల పాళ్లు మార్చి, పైన వేసే దినుసు మార్చి తెచ్చేవే చాలావరకు. కూర రుచి కోసమే అయితే ఖరీదైన స్పెషల్‌కు, మామూలు కూరకు మధ్య వంద రూపాయల తేడా పెట్టాల్సిన అవసరం తరచుగా ఉండదు.

మరి ఆ రెండింతల రేటు ఎటు పోతుంది? మెనూ ధరలో ముడిసరుకు వాటా మూడో వంతు దరిదాపుల్లో ఉంటుందని ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లు వేసుకునే లెక్క. మిగతాది హాలు అద్దె, కరెంటు, జీతాలు, టేబుల్‌కూ టేబుల్‌కూ మధ్య వదిలిన జాగా, పసుపు రంగు లైట్లు, శుభ్రమైన వాష్‌రూమ్. కూర్చున్నందుకు విడిగా ఎవరూ డబ్బు అడగరు కాబట్టి ఈ ఖర్చంతా ఒక్కో వంటకం మీద కొంత చొప్పున పడుతుంది. అంటే మనం ఎన్ని ప్లేట్లు తెప్పించుకుంటే అన్నిసార్లు ఆ హాలు అద్దె కడుతున్నాం. ఏసీ, లైట్లు, నిశ్శబ్దం మాత్రం నాలుగు ప్లేట్లు తెప్పించినా ఎనిమిది ప్లేట్లు తెప్పించినా ఒకేలా దొరుకుతాయి.

మెనూలో ముడిసరుకు వాటా అన్నిటికంటే తక్కువ ఉండేది మాక్‌టెయిళ్లు, సోడాలు, సూపుల్లో. వెయిటర్ వచ్చీరాగానే "స్టార్టింగ్ డ్రింక్స్ ఏమన్నా చెప్పమంటారా సార్?" అని అడగడం అందుకే. అది అతని ఉద్యోగం, తప్పు పట్టాల్సింది ఏమీ లేదు. "కొంచెం టైమ్ ఇవ్వండి, చూసి చెప్తాం" అంటే సరిపోతుంది.

ఇందులో న్యాయం సంగతి కూడా ఉంది. ఆదివారం రాత్రి తొమ్మిదింటికి గుమ్మం దగ్గర కుటుంబాలు నిలబడి ఉంటే, ఒక సూపు తెప్పించుకుని రెండు గంటలు టేబుల్ పట్టుకుని కూర్చోవడం బాగుండదు. అదే బుధవారం రాత్రి హాలు సగం ఖాళీగా ఉన్నప్పుడు ఎంతసేపు కూర్చున్నా ఎవరికీ నష్టం లేదు. తక్కువ తెప్పించుకోవాలనుకునేవాళ్లు వెళ్లాల్సింది ఆ రోజునే.

ఎలాంటి చోటుకు వెళ్లాలి

మన మూడు ఊళ్లలో ఇద్దరికి కుదిరే చోట్లలో నేను ముందు పెట్టేవి లాడ్జింగ్ ఉన్న హోటళ్ల కింది అంతస్తులోని ఏసీ రెస్టారెంట్లు. నక్కలగుట్ట, హన్మకొండ చౌరస్తా చుట్టుపక్కల ఇలాంటివి చాలా ఏళ్లుగా ఉన్నాయి. రాష్ట్ర పర్యాటక సంస్థ వాళ్ల హరిత కాకతీయ కూడా హన్మకొండలోనే ఉంది. వీటిలో ఫ్యాషన్ తక్కువగా ఉండొచ్చు గానీ కుర్చీలు సౌకర్యంగా ఉంటాయి, కింద పార్కింగ్ ఉంటుంది, రిసెప్షన్‌లో ఎప్పుడూ మనుషులుంటారు. పని మీద ఊరికి వచ్చి దిగినవాళ్లే సగం గిరాకీ కాబట్టి పక్క టేబుల్ వాళ్లు మనల్ని పట్టించుకోరు. అటు కాజీపేట నుంచి వచ్చేవాళ్లకూ, ఇటు వరంగల్ నుంచి వచ్చేవాళ్లకూ హన్మకొండ మధ్యలో ఉంటుంది. రాత్రి ఒకరు ఒకవైపు, ఇంకొకరు ఇంకోవైపు వెళ్లాల్సినప్పుడు ఈ సంగతి చిన్నది కాదు.

రూఫ్‌టాప్‌లు, కొత్త కేఫ్‌లు ఫొటోల్లో చాలా బాగుంటాయి. చలికాలం మొదట్లో అక్కడ కూర్చోవడం నిజంగా సుఖం. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఓరుగల్లు శ్లాబు రాత్రి తొమ్మిదింటికి కూడా వేడి కక్కుతూనే ఉంటుంది, ఫ్యాను గాలి టేబుల్ దాకా రాదు. పాటల శబ్దం ఇంకో ఇబ్బంది. అలాంటిచోట స్పీకర్‌కు దూరంగా ఉన్న మూల అడిగి తీసుకోవాలి.

ఒకే పెద్ద పళ్లెంలో అన్నం, మాంసం కలిపి పెట్టే మందీ హోటళ్లు స్నేహితుల గుంపుకు బాగుంటాయి. ఇద్దరూ ఒకే పళ్లెంలో తినేంత చనువు ఉన్న జంటకు అదీ ముచ్చటే, ఖర్చూ కలిసొస్తుంది. మొదటిసారి కలుస్తున్నవాళ్లకు మాత్రం వద్దు. అక్కడ పక్కన పెట్టే తెల్ల మయోనైజ్ గురించి కూడా ఒక మాట: పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్‌ను రాష్ట్ర ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఏడాదిపాటు నిషేధించింది. నిషేధం గడువుతో పని లేకుండా, గుడ్డు వేశారా లేదా అని అడిగి తినడం మంచిది.

బార్బెక్యూ బఫేలో రేటు ముందే తెలుస్తుంది, అది దాని గొప్పతనం. కానీ డబ్బుకు తగ్గట్టు తినాలన్న తొందరలో ఒకరు లేస్తే ఇంకొకరు కూర్చోవడం, మళ్లీ వాళ్లు లేవడం. మాటలు సాగవు. బార్ అండ్ రెస్టారెంట్లలో ఫ్యామిలీ సెక్షన్ విడిగా ఉన్నా, దారి బార్ హాల్లోంచే ఉందా లేక వేరే మెట్లు ఉన్నాయా అన్నది ముందే చూసుకోవాలి. అమ్మాయికి ఆ దారిలో నడవడమే ఇబ్బందైతే లోపల ఎంత బాగున్నా లాభం లేదు.

కర్టెన్లు వేసిన క్యాబిన్లు, గంటకింత అని అద్దెకిచ్చే 'క్యాండిల్ లైట్' ప్రైవేటు గదుల గురించి అడిగేవాళ్లూ ఉన్నారు. పెళ్లయిన జంట పెళ్లిరోజు చేసుకోవడానికి అది వాళ్లిష్టం. ఇంకా ఒకరినొకరు తెలుసుకుంటున్న ఇద్దరికి నేను వాటిని చెప్పను. మూసిన గదిలోకి రమ్మంటే ఎదుటి మనిషి కాదనలేక ఒప్పుకోవచ్చు, సాయంత్రమంతా బెరుకుగా కూర్చోవచ్చు. నలుగురికీ కనిపించే హాల్లో గోడ పక్క టేబుల్ ఇద్దరికీ ధైర్యం.

హాలు మంచిదా కాదా అన్నది ముందే ఎలా తెలుస్తుంది? గూగుల్ మ్యాప్స్‌లో హోటల్ వాళ్లు పెట్టిన ఫొటోలు వదిలేసి, తిన్నవాళ్లు రాత్రిపూట తీసినవి చూడండి. నేల టైల్స్, గోడలు గాజు, పైన నున్నటి సీలింగ్ ఉన్న హాల్లో శబ్దం తిరిగి తిరిగి కొడుతుంది. కర్టెన్లు, మెత్తటి సోఫాలు ఉన్నచోట అణుగుతుంది. గోడకు పెద్ద టీవీ కనిపిస్తే ఐపీఎల్ రోజుల్లో అటు వెళ్లొద్దు. రివ్యూల్లో ఐదు చుక్కలవీ ఒక చుక్కవీ ఆవేశంలో రాసినవి ఎక్కువ. మూడు చుక్కలు ఇచ్చినవాళ్లే ఏసీ పనిచేయలేదని, ఆర్డరు నలభై నిమిషాలు పట్టిందని వివరంగా రాస్తారు. మెనూ కార్డు ఫొటో దొరికితే ఎప్పటిదో చూడండి, రెండేళ్ల కిందటి రేట్లు ఇప్పుడు ఉండవు. డెలివరీ యాప్‌లో కనిపించే రేట్లు కూడా హాల్లో రేట్లు కావు. యాప్‌కు కమిషన్ కట్టాలి కాబట్టి చాలాచోట్ల అక్కడ ఎక్కువ వేస్తారు. 'ఇద్దరికి ఇంత' అని చూపించే అంకె ఒక సగటు అంచనా, అంతే.

బిల్లు విప్పి చూస్తే

ఖర్చు చేతిలోంచి జారేది ఎక్కువగా ఇక్కడే కాబట్టి కాస్త నెమ్మదిగా చూద్దాం.

జీఎస్టీ: మామూలు రెస్టారెంట్‌లో, ఏసీ ఉన్నా లేకున్నా, భోజనం మీద 5 శాతం. బిల్లులో ఇది సీజీఎస్టీ (కేంద్రం వాటా) 2.5, ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) 2.5 అని రెండు లైన్లుగా కనిపిస్తుంది. 2017 నవంబరు 15 నుంచి ఇదే పద్ధతి. 18 శాతం పడేది పెద్ద హోటళ్లలో ఉన్న రెస్టారెంట్లకు. 2025 ఏప్రిల్ 1 నుంచి ఉన్న నిబంధన ప్రకారం, అంతకుముందు ఆర్థిక సంవత్సరంలో ఏ గదినైనా రోజుకు 7,500 రూపాయలు మించిన అద్దెకు ఇచ్చిన హోటల్, లేదా తానే ఆ వర్గంలో ఉంటానని ప్రకటించుకున్న హోటల్ ఆ లెక్కలోకి వస్తుంది. మన ఊళ్లో గదుల అద్దెలు సాధారణంగా ఆ అంకెకు చాలా కిందే ఉంటాయి. కాబట్టి ఇక్కడి లాడ్జింగ్ హోటల్లో తిన్నా పన్ను మామూలుగా 5 శాతమే. హైదరాబాద్ స్టార్ హోటల్‌తో పోలిస్తే మనకు కలిసొచ్చేది ఇదొకటి.

ఇంకో రకం ఉంది. ఏడాదికి కోటిన్నర లోపు వ్యాపారం ఉన్న చిన్న రెస్టారెంట్లు కాంపోజిషన్ పద్ధతిలో నమోదై ఉండొచ్చు. వాళ్లు పన్ను తమ జేబులోంచి కట్టాలి, గిరాకీ దగ్గర విడిగా వసూలు చేయకూడదు. అక్కడ బిల్లు మీద జీఎస్టీ లైను కనిపిస్తే అడగొచ్చు.

సర్వీస్ చార్జి పన్ను కాదు, ప్రభుత్వానికి పోదు. కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2022 జులై 4న ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఏ హోటలూ దాన్ని తనంతట తాను బిల్లులో కలపకూడదు, ఇంకో పేరు పెట్టి కూడా వసూలు చేయకూడదు. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న వాటిని సమర్థించింది. బిల్లులో కనిపిస్తే "ఇది తీసెయ్యండి" అని మామూలు గొంతుతో చెబితే చాలు, ఎక్కువచోట్ల తీసేస్తారు. ఒప్పుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. మొదటి డేట్ రోజు కౌంటర్ దగ్గర గొడవ ఎవరికీ ఇష్టం ఉండదు. అందుకే ఈ సంగతి ఫోన్‌లో ముందే అడగాలని నా పట్టు.

నీళ్ల దగ్గర వెయిటర్ "మినరలా, నార్మలా?" అంటాడు. సీసా మీద ఎంఆర్పీ ఇరవై ఉంటే హాల్లో నలభై వేయడం చూసి చాలామంది కోప్పడతారు. కానీ రెస్టారెంట్‌లో కూర్చుని తాగే సీసాకు ఎంఆర్పీ నిబంధన వర్తించదని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. అక్కడ అమ్మేది సీసా ఒక్కటే కాదు, దాంతోపాటు సేవ కూడా అన్నది ఆ తీర్పు సారం. వాదించి లాభం లేదు, ఫిల్టర్ నీళ్లు అడగండి.

మద్యం జీఎస్టీ పరిధిలో లేదు, దాని మీద రాష్ట్రం పన్ను వేరు. తెలంగాణలో 21 ఏళ్లు నిండనివాళ్లకు అమ్మకూడదు. డబ్బు సంగతే చూస్తే, తక్కువ ఖర్చులో ముగించాలనుకున్న రాత్రిని అన్నిటికంటే తొందరగా తలకిందులు చేసేది ఇదే.

ఇప్పుడు ఒక ఊహా లెక్క వేద్దాం. రేట్లు ఉదాహరణకే. వెజ్ మంచావ్ సూప్ ఒకటి వన్ బై టూ, 160. స్టార్టర్ ఒకటి, 340. కూర ఒకటి, 320. రొట్టెలు నాలుగు, 45 చొప్పున 180. కర్డ్ రైస్ ఒకటి, 180. స్వీటు ఒకటి ఇద్దరికీ, 150. నీళ్ల సీసా ఒకటి, 40. మొత్తం 1,370. మీద 5 శాతం 68 రూపాయల 50 పైసలు. బిల్లు 1,438.50. ఇద్దరికీ కడుపు నిండుతుంది.

అదే టేబుల్, అదే మెనూ. మొహమాటం కొద్దీ సూపులు రెండు 320, స్టార్టర్లు రెండు 680, కూర 320, రొట్టెలు 180, 'అందరూ బాగుంటదంటారు' అని బిర్యానీ 380, మాక్‌టెయిళ్లు రెండు 360, స్వీట్లు రెండు 300, నీళ్ల సీసాలు రెండు 80. మొత్తం 2,620. దాని మీద పది శాతం సర్వీస్ చార్జి 262 చూడకుండా వదిలేస్తే, ఆ మొత్తం మీద జీఎస్టీ పడి బిల్లు 3,026 దాటుతుంది. బిర్యానీ సగం మిగిలి పార్సిల్ కట్టించుకోవాలి, లేకపోతే వదిలేయాలి. రెండు బిల్లుల మధ్య దాదాపు 1,600 రూపాయల తేడా. దర్జాలో తేడా ఒక్క పిసరు కూడా లేదు.

బిల్లు మీద పద్నాలుగు అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) లైసెన్సు నంబరు ఉందో లేదో కూడా చూడండి. 2022 జనవరి 1 నుంచి అది ముద్రించడం తప్పనిసరి. బిల్లుకు బదులు తెల్ల కాగితం మీద రాసిచ్చే హోటల్‌కు, పైకి ఎంత హంగు ఉన్నా, నేను మళ్లీ వెళ్లను.

ఏం తెప్పించుకోవాలి

మెనూ చదివే పద్ధతి ఒకటి అలవాటైతే ఖర్చు దానంతటదే తగ్గుతుంది: ఒక్కసారే అన్నీ చెప్పకండి. ముందు సూపు, స్టార్టర్. అవి అయ్యాక ఆకలి చూసుకుని కూర, రొట్టె. మన హోటళ్లలో ఒక స్టార్టర్ ప్లేటు ఇద్దరికి ధారాళంగా సరిపోతుంది. హాఫ్ ప్లేటు ఇస్తారేమో అడగడంలో నామోషీ ఏమీ లేదు.

రొట్టెల దగ్గర ఇంకాస్త జాగ్రత్త. తందూరీ రొట్టె బుట్టలో పది నిమిషాలు ఉంటే తోలులా సాగుతుంది. ముందు రెండే చెప్పండి, అవి తింటుండగా ఇంకో రెండు. వేడివేడిగా వస్తాయి, మిగలవు, మధ్యలో మాటలకు కాస్త వ్యవధి దొరుకుతుంది. బటర్ నాన్ కడుపు తొందరగా నింపేస్తుంది, పుల్కా ఉంటే అదే నయం.

నాన్‌వెజ్ తినేవాళ్లయితే ఎముకలు లేనివి చూసుకోండి. చికెన్ మెజెస్టిక్, అపోలో ఫిష్ లాంటివి ఫోర్కుతో సాఫీగా తినొచ్చు. నాటుకోడి కూరంటే మనకు ప్రాణమే, కానీ ఎముక పీల్చాలి, వేళ్లు నాకాలి. ఆ ఆనందం ఇంటి భోజనానికో, నాలుగో డేట్‌కో దాచుకోవచ్చు. చేత్తో తినడం గురించి మాత్రం మొహమాటం వద్దు. ఎంత ఖరీదైన హాలైనా బిర్యానీ చేత్తో కలుపుకుని తినే హక్కు మనకుంది, ఫింగర్ బౌల్ తెచ్చేది అందుకే.

కారం సంగతి అడిగి చెప్పించుకోండి. ఎర్రగా ఉన్నదంతా కారం కాదు. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన మన వరంగల్ చపాటా మిర్చి రంగుకు పెట్టింది పేరు, కారం మాత్రం తక్కువ. ఎరుపు లేకుండా అమాయకంగా కనిపించే పెప్పర్ చికెన్ కళ్లలో నీళ్లు తెప్పిస్తుంది. ఎదుటివాళ్లు ఎంత కారం తింటారో తెలుసుకోవడం మంచి మాటల మొదలు కూడా.

స్వీటు విషయంలో నాదొక సలహా. హోటల్లో వదిలేసి, బయటికొచ్చి ఐస్‌క్రీమ్ తినండి. ఖర్చు సగం కూడా కాదు, ఇద్దరూ నాలుగడుగులు కలిసి నడిచినట్టూ ఉంటుంది. ఇంకా వీలైతే సాయంత్రం భద్రకాళి చెరువు బండ్ మీద కాసేపు నడిచి, తర్వాత భోజనానికి వెళ్లండి. మొత్తం సాయంత్రం బరువంతా రెస్టారెంట్ మీదే పడకపోతే అక్కడ ఎక్కువ తెప్పించాలన్న ఒత్తిడి కూడా ఉండదు.

ఏ రోజు, ఏ వేళ

ముందు ఒక ప్రశ్న: ఎదుటి మనిషి ఏ రోజు నాన్‌వెజ్ తినరు? మన దగ్గర కొందరికి సోమవారం, కొందరికి మంగళవారం, చాలామందికి గురువారమో శనివారమో పట్టింపు. వారాంతం అని శనివారం పెట్టుకుని, కూర్చున్నాక "నేను శనివారం ఒక్కపొద్దు" అని వింటే ఇద్దరికీ ఇబ్బందే. శ్రావణం, కార్తీకంలో ఈ పట్టింపు నెలంతా ఉండొచ్చు. ఆ నెలల్లో మంచి వెజ్ రెస్టారెంట్ చూసుకుంటే బిల్లూ తేలికవుతుంది.

పెళ్లిళ్ల ముహూర్తాలున్న రోజుల్లో బ్యాంక్వెట్ హాలున్న హోటల్‌కు వెళ్లొద్దు. పైన మూడు వందల మందికి వడ్డిస్తుంటే కింద వంటగదికి మన రెండు రొట్టెలు గుర్తుండవు. లిఫ్టు దగ్గర జనం, పార్కింగ్‌లో బ్యాండు. అదే మూఢం రోజుల్లో, ఆషాఢంలో ఫంక్షన్లు పెద్దగా ఉండవు, హోటళ్లు ప్రశాంతంగా ఉంటాయి. అత్తా కోడలూ ఒకే గడప దాటకూడదని కొత్త కోడలిని పుట్టింటికి పంపే నెల కూడా అదే. కొత్త జంట బయట ఎక్కడో ఒకచోట కలుసుకోవాల్సిందే కదా, రెస్టారెంట్ కంటే మర్యాదైన చోటు ఏముంది.

బతుకమ్మ తొమ్మిది రోజుల్లో ఎంగిలిపూల నాడు వేయిస్తంభాల గుడి వైపు, సద్దుల నాడు పద్మాక్షి గుట్ట వైపు రోడ్లు నిండిపోతాయి. రెండేళ్లకోసారి మేడారం జాతర వచ్చినప్పుడు హన్మకొండ మొత్తం యాత్రికులతో నిండుతుంది. ఫిబ్రవరి 14కు, డిసెంబరు 31కి చాలాచోట్ల మామూలు మెనూ తీసేసి ప్యాకేజీ రేటు పెడతారు. అదే భోజనం 13నో 16నో తింటే మామూలు రేటు. ఇద్దరికీ అభ్యంతరం లేకపోతే తేదీ జరపడమే అన్నిటికంటే తేలికైన తగ్గింపు.

వేళ విషయానికొస్తే ఏడున్నరకు చేరండి. ఎనిమిదిన్నర తర్వాత కుటుంబాలు మొదలవుతాయి. ముందొచ్చినవాళ్లకు గోడ పక్క టేబుల్ దొరుకుతుంది, వంటగది తీరిగ్గా ఉంటుంది, తొమ్మిదిన్నరకల్లా బయటపడొచ్చు. హాస్టల్ గేటు మూసే టైమున్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం.

ఒక ఫోన్ కాల్

పైన చెప్పినదాంట్లో సగం రెండు నిమిషాల ఫోన్‌తో తేలిపోతుంది. మాట ఇలా నడుస్తుంది:

"హలో అన్నా, ఈ బుధవారం రాత్రి ఏడున్నరకు ఇద్దరికి టేబుల్ దొరుకుతదా?"

"రండి సార్, ఖాళీగనే ఉంటది."

"పైన హాల్ల ఏమన్న ఫంక్షన్ ఉందా ఆ రోజు?"

"ఒక్క నిమిషం సార్... ఆఁ, బర్త్‌డే పార్టీ ఉంది, ఎనభై మంది."

"గురువారమైతే?"

"గురువారం ఏం లేదు సార్."

"అయితే గురువారం రాయండి. గోడ పక్క టేబుల్ కావాలె. సర్వీస్ చార్జి ఏమన్న వేస్తరా?"

"లేదు సార్, జీఎస్టీ ఒక్కటే."

పేరు, నంబరు చెప్పి పెట్టేయండి. యాప్ ద్వారా డబ్బు కడితే తగ్గింపు అన్న ఆఫరు ఉంటే అదీ ఇప్పుడే అడగండి. తిన్నాక అడిగితే "ఆ ఆఫర్ ఈ రోజుకు లేదు సార్" అనవచ్చు. వీలుంటే ముందు రోజు సాయంత్రం ఒక్కరే వెళ్లి ఓ కాఫీ తాగి రండి. లైటు, శబ్దం, వాష్‌రూమ్ మూడూ తెలిసిపోతాయి.

బిల్లు ఎవరు కట్టాలన్నది కూడా వెళ్లే ముందే తేలితే హాయి. పిలిచినవాళ్లు కట్టడం మన దగ్గరి మర్యాద. సగం సగం అనుకుంటే అదీ మంచిదే, "ఈసారి నేను, వచ్చేసారి మీరు" అంటే ఇంకా మంచిది. హాల్లో సిగ్నల్ అందక యూపీఐ తిరుగుతూనే ఉండొచ్చు, కాబట్టి రెండు వేల రూపాయల నగదు దగ్గర ఉంచుకోండి.

సర్వీస్ చార్జి వద్దన్నాం కదా అని టిప్పు మానేయకండి. టిప్పు డబ్బు వడ్డించిన మనిషి చేతికే నేరుగా వెళుతుంది. ఇంతని నియమం లేదు. పద్నాలుగు వందల బిల్లుకు వంద రూపాయలు ఇవ్వగలిగితే ఇవ్వండి. మన హోటళ్లలో పనిచేసే కుర్రాళ్లలో చాలామంది ఒడిశా, బెంగాల్, అస్సాం లాంటి దూరప్రాంతాల నుంచి వచ్చి, హోటల్ వెనక గదుల్లోనే ఉంటూ అర్ధరాత్రి దాకా నిలబడి పనిచేసేవాళ్లు.

తిరుగు ప్రయాణం లెక్క కూడా భోజనం బడ్జెట్‌లోనే వేయండి. మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం గానీ, రాత్రి పొద్దుపోయాక బస్సు కోసం స్టాపులో నిలబెట్టడం సరికాదు. ఆటోకు పెట్టాల్సిన డబ్బు ముందే పక్కన ఉంచి, ఆ మిగిలిన దాంట్లో ఏ హోటల్ వస్తుందో చూడండి. అమ్మాయి ఆటో ఎక్కుతుంటే నంబరు ఫొటో తీసుకుని, ఇల్లు చేరాక ఒక మెసేజ్ పెట్టమని చెప్పండి.